చిన్న గాజు తొట్టిలో ఏ బల్లిని పెంచవచ్చు? హైదరాబాదు ఇళ్ల కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

మల్కాజిగిరిలో నాలుగో అంతస్తు, పైకప్పు వేడంతా నెత్తిన పడే రెండు పడకగదుల ఫ్లాటు మాది. హాలులో టీవీ పక్కన మూడడుగుల గాజు తొట్టి ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్లు తొంగిచూసి "చేపలేవి?" అంటారు. పగిలిన కుండ పెంకు కింద నుంచి బొబ్బట్టు తల బయటపెట్టగానే ఒకడుగు వెనక్కి వేస్తారు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. బొబ్బట్టు అంటే మా పశ్చిమాఫ్రికా బల్లి. పేరు మా అమ్మాయి పెట్టింది.

ఆరేళ్లుగా ఆఫీసులోను, లిఫ్టులోను, ఫోనులోను నన్ను మళ్లీమళ్లీ అడుగుతున్న ప్రశ్నలకు నా జవాబులు ఇవి. ఒక మాట ముందే చెబుతాను. ఇంగ్లీషులో దొరికే సలహాలు చాలావరకు చలిదేశాలవాళ్లు రాసినవి. తొట్టిని ఎలా వేడి చేయాలో పేజీల కొద్దీ చెబుతారు. హైదరాబాదులో ఏ బల్లి బతికి బట్టకడుతుందో తేల్చేది మే నెల.

చిన్న తొట్టి అంటే ఎంత కొలత?

మన అక్వేరియం దుకాణాల్లో తొట్లు అడుగుల లెక్కన చేసి ఇస్తారు. చాలా ఇళ్లలో అటక మీద పడి ఉండే పాత చేపల తొట్టి 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1 అడుగు ఎత్తు ఉంటుంది. అంటే నేల 2 చదరపు అడుగులు. అదే 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పుకు వెళితే 4.5 చదరపు అడుగులు. 4 అడుగులకు 2 అడుగులైతే 8. కంటికి కాస్తే పెరిగినట్టు కనిపిస్తుంది గాని, బల్లికి అది గదికీ ఇంటికీ ఉన్నంత తేడా.

చోటు ఒక్కటే చిక్కయితే ఎలాగో సర్దుకోవచ్చు. బల్లి తన ఒంటి వేడిని తాను తయారు చేసుకోలేదు. వెచ్చదనం కావాలంటే వెచ్చని మూలకు నడుస్తుంది, చాలనుకుంటే చల్లని మూలకు పోతుంది. ఒక మూల 32 డిగ్రీలు, ఇంకో మూల 25 డిగ్రీలు ఉంటే దానికి హాయి. అడుగు వెడల్పు పెట్టెలో ఆ రెండు మూలలను విడిగా నిలబెట్టడం కష్టం, కాసేపటికి పెట్టె అంతా ఒకే వేడికి వచ్చేస్తుంది. అందుకే నేల మీద తిరిగే బల్లికి నా లెక్కలో చిన్న తొట్టి అంటే 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. రెండున్నర అడుగుల దానితో నెట్టుకురావచ్చు, కానీ కొత్తగా చేయించుకునేటప్పుడు ఆ ఆరు అంగుళాల దగ్గర పొదుపు చేయకండి. 5 మిల్లీమీటర్ల గాజుతో చేసిన ఆ తొట్టి ఖాళీగానే ఇరవై కిలోలు తూగుతుంది, గోడకు బిగించిన అర మీద పెట్టవద్దు. మూత గాజుది కాకుండా ఇనుప జాలీది చేయించండి.

అందులో పెంచడానికి ఏ బల్లి మంచిది?

నా ఓటు ఆఫ్రికన్ ఫ్యాట్‌టెయిల్ గెకోకు. గెకోలంటే మన గోడబల్లి తరహా బల్లులు. మా బొబ్బట్టు ఈ జాతిదే, కనుక పక్షపాతం ఉందనుకున్నా ఫర్వాలేదు. సెనెగల్ నుంచి కామెరూన్ వరకు పశ్చిమాఫ్రికాలో దొరికే జాతి ఇది. పెద్దదైనా జానెడు పొడవు దాటదు. మన గోడబల్లికి లేని కనురెప్పలు దీనికి ఉంటాయి, కళ్లు మూసుకుని నిద్రపోతుంది. కాలివేళ్లకు అంటుకునే మెత్తలు ఉండవు కనుక గాజు మీదికి ఎక్కలేదు. మూత తెరిచిన క్షణంలో గోడెక్కి పారిపోయే భయం లేదు.

పగలంతా పడుకుని సాయంత్రం దీపాలు పెట్టే వేళకు లేస్తుంది. ఆఫీసు నుంచి వచ్చి కూర్చున్న సమయానికి దాని పూట మొదలవుతుంది. పురుగును చూసినప్పుడు ఒళ్లంతా బిగుసుకుపోతుంది, తోక చివర మాత్రం పిల్లి తోకలా మెల్లగా అటూ ఇటూ ఊగుతుంది. రెండు సెకన్లు, మూడు సెకన్లు, ఆ పైన ఒక్క దూకు. సగంసార్లు గురి తప్పి మట్టి కరుస్తుంది. అప్పుడు అది మన వంక చూసే చూపు కోసమైనా పెంచవచ్చు.

వేడి మూల 30 నుంచి 32 డిగ్రీలు, చల్లని మూల 24 నుంచి 26 డిగ్రీలు దీనికి సరిపోతాయి. గాలిలో తేమ 50 నుంచి 70 శాతం ఉండాలి. మన వానాకాలం దీనికి పుట్టిల్లు లాంటిది. బిడియం ఎక్కువ, తెచ్చిన కొత్తలో మొదటి వారం తిండి ముట్టకపోవచ్చు.

అందరూ లెపర్డ్ గెకో అంటారు కదా, దాన్ని ఎందుకు చెప్పలేదు?

పెంచడానికి అంతకన్నా తేలికైన బల్లి లేదని నేనూ ఒప్పుకుంటాను. పరిమాణం, స్వభావం, తొట్టి కొలత అన్నీ ఫ్యాట్‌టెయిల్‌లాగే ఉంటాయి, తేమ కాస్త తక్కువైనా ఓర్చుకుంటుంది, పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. చిక్కు వేరే చోట ఉంది. దాని సహజ నివాసం అఫ్గానిస్థాన్, పాకిస్థాన్‌లతో పాటు మన దేశపు వాయవ్య భాగం దాకా వస్తుంది. దాని దగ్గరి చుట్టం ఒకటి మన తూర్పు కనుమల్లోనే తిరుగుతుంది. దేశంలో సహజంగా ఉండే జంతువును ఇంట్లో పెట్టుకోవడమంటే వన్యప్రాణి చట్టంతో వ్యవహారం. "తొట్టిలో పుట్టిన పిల్లేనండి" అని దుకాణదారు నోటిమాటగా చెప్పింది అటవీ అధికారి ముందు చెల్లదు. మీరు అంతగా ముచ్చటపడితే సైఫాబాదులో అరణ్య భవన్‌కు వెళ్లి రాతపూర్వకంగా జవాబు తీసుకుని, ఆ తర్వాతే డబ్బు చెల్లించండి.

క్రెస్టెడ్ గెకో ఫొటోలు చూసి ముచ్చటపడ్డాను. తెచ్చుకోవచ్చా?

ఇంట్లో ఒక గదికైనా వేసవి అంతా ఏసీ నడుస్తుందా? లేకపోతే వద్దు. ఇది పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియా దీవులది. అంతరించిపోయిందని అనుకున్నాక 1994లో మళ్లీ కనబడింది. 22 నుంచి 26 డిగ్రీల మధ్య సుఖంగా ఉంటుంది, 28 దాటితే కష్టం మొదలవుతుంది, 30 పైన గంటల తరబడి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. మన ఊళ్లో ఏప్రిల్ రెండో వారం నుంచి రాత్రి పదింటికి కూడా పై అంతస్తు గదుల్లో 32 ఉంటుంది.

ఏసీ ఉన్నవాళ్లకు మాత్రం ఇది చక్కని బల్లి. పొడవు కన్నా ఎత్తు ముఖ్యం కనుక అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న తొట్టి సరిపోతుంది, గదిలో ఒక మూలకు ఒదుగుతుంది. నీళ్లలో కలిపి పెట్టే పండ్ల పొడి ఆహారంతోనే చాలావరకు గడిచిపోతుంది కనుక, పురుగులంటే ఒళ్లు జలదరించేవాళ్లకు ఊరట. తోక ఒకసారి రాలితే తిరిగి మొలవదు.

బియర్డెడ్ డ్రాగన్ పిల్ల నా అరచేతిలో పట్టేంతే ఉంది. రెండడుగుల తొట్టి చాలదా?

ఇప్పటికి చాలుతుంది. ఏడాది తిరిగేసరికి అది 45 నుంచి 60 సెంటీమీటర్ల జంతువు అవుతుంది. రెండడుగుల తొట్టిలో అది వెనక్కి తిరగాలంటే తోక మడవాలి. దానికి కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు కావాలి, ఎండ కాచుకునే రాయి 40 డిగ్రీల దాకా వేడెక్కాలి, అతినీలలోహిత కాంతినిచ్చే పొడవాటి దీపం పగలంతా వెలగాలి. మనిషికి బాగా మచ్చికవుతుంది, పగలు మేలుకుని ఉంటుంది, ఆకుకూరలు తింటుంది, హైదరాబాదు వేడిని మిగతావాటికన్నా బాగా తట్టుకుంటుంది. బల్లుల్లో నాకు బాగా నచ్చినది ఇదే. చిన్న తొట్టి జాబితాలో మాత్రం దీనికి చోటు లేదు.

మరి ఇగ్వానా?

తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు. పచ్చ ఇగ్వానా ముదిరితే ఐదడుగులు దాటుతుంది, అందులో సగానికి పైగా కొరడాలాంటి తోకే. దానికి కావలసింది తొట్టి కాదు, ఒక గది. దుకాణంలో ఆకుపచ్చగా మెరిసే జానెడు పిల్లను చూసి తెచ్చుకున్నవాళ్లు రెండేళ్లకు "ఎవరైనా తీసుకుంటారా?" అని ఫోన్లు చేస్తుంటారు. నాకు ఏటా ఒక్కటైనా అలాంటి ఫోను వస్తుంది.

బొటనవేలంత బల్లులు కూడా ఉంటాయట కదా?

ఉన్నాయి. మోర్నింగ్ గెకో అని, తోకతో కలిపి పది సెంటీమీటర్ల లోపే ఉండే జాతి. అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి, వాటిలోంచి వచ్చేవీ ఆడపిల్లలే. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో మూడు నాలుగు ఉండగలవు. కానీ మూత దగ్గర అగ్గిపుల్ల దూరేంత సందు ఉన్నా బయటపడతాయి, ఆ తర్వాత మన గోడబల్లుల్లో ఏది ఏదో చెప్పలేం. పైగా అండమాన్ దీవుల్లోనూ ఉండే జాతి కనుక లెపర్డ్ గెకో గురించి చెప్పిన జాగ్రత్త దీనికీ వర్తిస్తుంది.

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలకు చెందిన ఆకుపచ్చ అనోల్ కూడా చిన్నదే. అయితే దానికి పగటి దీపం, నిత్యం తేమ, ఆకుల మీద నీటి చుక్కలు ఉండాలి. పళ్లెంలో నీళ్లు పెడితే తాగక ఎండిపోతుంది. చిన్న బల్లికి చిన్న శ్రమ చాలనుకోవడం కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు.

మన దొడ్లో తొండలు, ఊసరవెల్లులు ఉన్నాయి. ఒకదాన్ని పట్టి పెంచితే ఏమవుతుంది?

ఊసరవెల్లి చట్టరక్షణ ఉన్న జంతువు. ఉడుము సంగతి ఇంకా తీవ్రం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో అది మొదటి షెడ్యూలులో ఉంది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక, ఆ షెడ్యూలు జంతువుల విషయంలో నేరానికి మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. చట్టం మాట పక్కన పెట్టినా, పట్టుకొచ్చిన తొండ గాజును గాజుగా గుర్తించదు. ముక్కు చిట్లి నెత్తురు కారేదాకా దానికేసి కొట్టుకుంటుంది. చిన్నప్పుడు మా ఊళ్లో ఒక తొండను హార్లిక్స్ సీసాలో పెట్టి మూడు రోజులు ఉంచిన పాపం నాది. దొడ్లో ఉన్నదాన్ని దొడ్లోనే చూడండి, ఉదయం తొమ్మిదింటికి గోడ మీద బస్కీలు తీస్తూ కనబడుతుంది.

విదేశీ బల్లికి కాగితాలు కావాలా?

వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న జంతువులు మన చట్టంలో నాలుగో షెడ్యూలు కిందికి వస్తాయి. పచ్చ ఇగ్వానా, యెమెన్ ప్రాంతపు ఊసరవెల్లి, మడగాస్కర్ డే గెకో అలాంటివే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం వాటిని తెచ్చుకున్న 30 రోజుల లోపు కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ వెబ్‌సైటులో నమోదు చేయాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలియజేయాలి. కొనబోయే జాతి ఆ జాబితాలో ఉందో లేదో శాస్త్రీయ నామంతో చూసుకోండి, దుకాణంలో చెప్పే ముద్దుపేర్లతో వెతికితే తప్పుదారి పడతారు. జాబితాలో లేకపోయినా బిల్లు అడగండి, దాని మీద జాతి పేరు రాయించండి. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసులో సాక్సుల మధ్య చుట్టి తెచ్చిన జంతువులు విమానాశ్రయాల్లో పట్టుబడ్డ వార్తలు మీరూ చదివే ఉంటారు. అలా వచ్చినవాటిలో పట్టుబడనివే చౌకగా అమ్ముడవుతాయి.

కొనేటప్పుడు ఏమి చూడాలి?

ముందు తోక చూడండి. ఫ్యాట్‌టెయిల్ తన కొవ్వంతా తోకలో దాచుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నదాని తోక మెడకన్నా లావుగా, ముద్దగా ఉంటుంది. వెన్నెముక, తుంటి ఎముకలు బయటికి పొడుచుకొస్తే ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దు. కళ్లు శుభ్రంగా పూర్తిగా తెరుచుకోవాలి, వేళ్లన్నీ లెక్కకు రావాలి, దవడ గట్టిగా ఉండాలి, తోక కింద మలద్వారం చుట్టూ మురికి అంటి ఉండకూడదు. నడిచేటప్పుడు పొట్ట నేల నుంచి పైకి లేవాలి.

చివరగా, మీ కళ్ల ముందు ఒక పురుగు వేయమనండి. "ఇప్పుడే తిన్నదండి" అంటే, మరో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. ఆ మాట నమ్మి నేను మొదట కొన్నది పద్దెనిమిది రోజులు బతికింది. పేడ పరీక్ష చేయిస్తే కడుపు నిండా పురుగులే. అడవిలో పట్టి ఎగుమతి చేసినది అయ్యుంటుందని డాక్టరు అన్నారు. ఈ జాతిని పశ్చిమాఫ్రికా నుంచి ఇప్పటికీ అలా తెస్తారు. తొట్టిలో పుట్టిన పిల్ల అయితే అమ్మేవాళ్లు తల్లిదండ్రులను, వీలైతే గుడ్డు పెంకునైనా చూపించగలుగుతారు. బొబ్బట్టును అలా తల్లిని చూసే తెచ్చుకున్నాను.

మే నెల ఎలా గడపాలి?

మొదట వేడి కొలిచే మీటరు ఒకటి కొనండి. తీగ చివర మొన ఉన్న డిజిటల్ ఉష్ణమాపిని చల్లని మూలలో నేల మీద పెట్టండి. అందరూ వేడి మూలలో పెట్టి అంతా బాగుందనుకుంటారు. వేసవిలో మనకు కావలసింది చల్లని మూల అంకె. అది 32 దాటితే పనిలోకి దిగాలి.

మూడేళ్ల కిందట మేలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి కరెంటు లేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి లేదట. తొట్టి చల్లని మూలలో 37. బొబ్బట్టు నీళ్ల మూకుడులో పొట్ట ఆనించి, నోరు తెరుచుకుని పడి ఉంది. బల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే ఇక దాని చేతిలో ఏమీ మిగల్లేదన్నమాట. చన్నీళ్లలో ముంచాలని చెయ్యి లాగింది గాని, ఒక్కసారిగా చల్లబరిస్తే ఇంకో దెబ్బ తగులుతుంది. తడిగుడ్డ పరిచిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, వంటగది నేల మీద, కిటికీలు మూసిన చీకట్లో ఉంచాను. నలభై నిమిషాలకు నోరు మూసింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

అప్పటి నుంచి ఏప్రిల్ రాగానే తొట్టిని బల్ల మీద నుంచి దించి నేల మీద, పడమటి గోడకు దూరంగా పెడతాను. ఫ్రిజ్‌లో రెండు లీటరు సీసాలు ఎప్పుడూ గడ్డకట్టి ఉంటాయి. ఒకదాన్ని తువ్వాలులో చుట్టి చల్లని మూలలో పడుకోబెడితే, దాని చుట్టూ నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది. కరిగేలోపు రెండోది తయారు. జాలీ మూత మీద సగానికి తడిగుడ్డ కప్పి, చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెట్టడం కూడా పనిచేస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలి బాగా పొడిగా ఉంటుంది కనుక ఆ తడి కూడా కలిసొస్తుంది. ఎయిర్ కూలరు పెడితే కిటికీ తీసి ఉంచాలి, లేకపోతే గది ఆవిరి స్నానంలా తయారవుతుంది. తొట్టిని కిటికీలో ఎండ తగిలేలా మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు. ఎండలో నిలిపిన కారు లోపల ఎలా ఉంటుందో గాజు తొట్టిలోనూ అంతే.

చలికాలంలో, వానాకాలంలో?

డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15 డిగ్రీల కిందికి పడే రోజులుంటాయి. తొట్టి అడుగున మూడోవంతు భాగానికి హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలుచని పట్టా) అంటించి, దాన్ని థర్మోస్టాట్ (వేడి మించితే కరెంటు ఆపే పరికరం) ద్వారానే కలపండి. థర్మోస్టాట్ లేని మ్యాట్ మీద బల్లి పొట్ట కాలుతుంది, కాలుతున్నా అది పక్కకు జరగకపోవచ్చు. 15 వాట్ల మ్యాట్ రోజంతా నడిచినా నెలకు పదకొండు యూనిట్లే. తీగ పెట్టి వేడెక్కే నకిలీ రాళ్లు అమ్ముతారు, అవి కొనవద్దు.

వానాకాలంలో చూసుకోవలసింది బూజు ఒక్కటే.

దీపం అవసరమా? కిటికీ వెలుతురు చాలదా?

ఎముకలకు కాల్షియం పట్టాలంటే విటమిన్ డి3 కావాలి, అది ఒంట్లో తయారవడానికి అతినీలలోహిత కాంతి కావాలి. మామూలు కిటికీ అద్దం ఆ కాంతిలో పనికొచ్చే భాగాన్ని దాదాపుగా ఆపేస్తుంది. ఫ్యాట్‌టెయిల్ లాంటి రాత్రి బల్లులు డి3 కలిసిన కాల్షియం పొడితో గడిపేస్తాయి, తక్కువ శక్తి దీపం పెడితే ఇంకా మేలు. పగటి బల్లులకు దీపం తప్పనిసరి. అది లేకపోతే దవడ రబ్బరులా మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి. దీపం వెలుగుతున్నా దాని శక్తి నెలలు గడిచేకొద్దీ తరుగుతుంది, కనుక తయారీదారు చెప్పిన గడువుకు మార్చేయాలి.

తొట్టిలో నేలకు, దాక్కోవడానికి ఏమి వాడాలి?

ఇక్కడ డబ్బు ఖర్చు చేయకండి. బండల దుకాణంలో మిగిలిపోయిన తాండూరు బండ ముక్క అడిగితే ఊరికే ఇస్తారు. వేసవిలో చల్లగా ఉంటుంది, గరుకు అంచుకు రుద్దుకుని గోళ్లు అరుగుతాయి, తుడిస్తే శుభ్రం. పగిలిన మట్టికుండ సగాలు రెండు చాలు, ఒకటి వేడి మూలకు, ఒకటి చల్లని మూలకు. అంచులు మాత్రం అరగదీయండి. మూడోది ఒక ప్లాస్టిక్ డబ్బా. పక్కన రంధ్రం చేసి, లోపల తడిపిన కొబ్బరి పొట్టు పోయాలి, ఇదే తేమ డబ్బా. నర్సరీ నుంచి తెచ్చిన పొట్టులో ఎరువు కలిసి ఉండవచ్చు, ఏమీ కలపనిది అడిగి తెచ్చి రెండు మూడు సార్లు కడగండి. ఇసుక పోయవద్దు, పురుగుతో పాటు మింగితే పేగుల్లో గడ్డకడుతుంది.

ఏమి తింటుంది? ఇంట్లో బొద్దింకలు వేయవచ్చా?

ఇంటి బొద్దింక వద్దే వద్దు. ఏ ఫ్లాటులో ఏ మందు కొట్టారో, ఏ జెల్ నాకి వచ్చిందో మనకు తెలియదు. మీల్‌వార్మ్‌లు, కీచురాళ్లు, డూబియా బొద్దింకలు పెంచి అమ్మేవాళ్లు ఊళ్లో ఉన్నారు. బల్లి రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్ద పురుగు వేయకూడదు. ఎదిగినదానికి వారానికి రెండు మూడు సార్లు, పూటకు ఐదారు చాలు. మిణుగురు పురుగు బల్లులకు విషం, ఒక్కటి తిన్నా చచ్చిపోవచ్చు.

పురుగు తిన్నదే బల్లి తిన్నట్టు. అందుకే మా డబ్బాలో పురుగులకు క్యారట్ చెక్కు, మునగాకు పడతాయి. మునగాకులో కాల్షియం దండిగా ఉంటుంది. వేసే ముందు పురుగులను కాల్షియం పొడిలో దొర్లించాలి, అప్పడాలకు పిండి అద్దినట్టు పల్చగా. మా ఆవిడకు బల్లి మీద అభ్యంతరం లేదు, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పురుగుల డబ్బా మీదే ఉంది. ఇప్పుడు దానికి వేరే మూత, వేరే అర.

రెండింటిని కలిపి పెంచవచ్చా?

వద్దు. మగవి రెండైతే కొరుక్కుంటాయి. ఆడవైనా ఒకటి వేడి మూలను ఆక్రమించి రెండోదాన్ని రానివ్వదు. బల్లికి తోడు లేదని బెంగపడేది మనమే.

కుబుసం విడిచేటప్పుడు ఏదైనా చేయాలా?

ఒళ్లు రెండు రోజుల ముందే పాలిపోయి, బూడిద పూసినట్టు అవుతుంది. తర్వాత మూతి దగ్గర చర్మం చిట్లించి, చొక్కా విప్పినట్టు వెనక్కి లాక్కుంటూ, లాగినదంతా నమిలి మింగేస్తుంది. మొదటిసారి చూసి మా అమ్మాయి కెవ్వుమంది. తేమ డబ్బా ఉంటే ఈ పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మరునాడు వేళ్ల చివరలు చూడండి. అక్కడ పాత చర్మం ఉంగరంలా బిగిసిపోతే నెత్తురు ఆడక వేలు రాలిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో పాదం మునిగేంత లోతున పది నిమిషాలు నిలబెట్టి, తడిపిన చెవి పుల్లతో మెల్లగా దొర్లిస్తే వచ్చేస్తుంది. గోటితో లాగవద్దు.

తోక ఊడితే?

భయపడితేనో, తోక పట్టి ఎత్తితేనో ఊడుతుంది. ఊడిన తోక కాసేపు గిలగిలలాడుతుంది, చూడటానికి మనసు చివుక్కుమంటుంది గాని ప్రమాదం లేదు. నేల మీద తెల్ల కాగితం పరిచి, శుభ్రంగా ఉంచి, తిండి కాస్త పెంచండి. కొత్తది నెలల్లో మొలుస్తుంది, అయితే ముల్లంగి దుంపలా పొట్టిగా వస్తుంది.

బల్లి మీద పడితే అరిష్టమంటారు, పాలలో పడితే విషమంటారు. ఇంట్లో పెద్దవాళ్లకు ఏమి చెప్పాలి?

మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు పంచాంగంలో బల్లి శాస్త్రం పేజీ తెరిచి కూర్చున్నారు. కుడి భుజమా, ఎడమ భుజమా అని చూసి, "ఇది పైనుంచి పడదు కదా, ఎక్కనే ఎక్కలేదుగా" అని ఆవిడే తేల్చేశారు. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకి వచ్చిన మనిషి ఆవిడ. ఇప్పుడు మాట్లాడుతుంటే బొబ్బట్టు ఏ చప్పుడు చేసినా "సత్యం, సత్యం" అని నేల మీద వేలితో కొడతారు.

విషం సంగతి వేరు. గోడబల్లికీ ఈ పెంపుడు గెకోలకూ విషం లేదు. కానీ పేగుల్లో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటుంది. బల్లి పడిన పాలు తాగినవాళ్లకు వాంతులు, విరేచనాలు అయ్యే అవకాశం నిజంగానే ఉంది. పెద్దవాళ్లు పాలు పారబోయమనడం సరైనదే.

అందుకే బల్లిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, దాని మూకుడు వంటగది సింకులో కడగకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు తాకకుండా ఉండటమే క్షేమం. దోమల మందు, అగరబత్తి పొగ తొట్టికి దూరంగా ఉంచండి.

సంక్రాంతికి ఊరెళితే ఎవరు చూసుకుంటారు?

తోక లావుగా ఉన్న ఎదిగిన ఫ్యాట్‌టెయిల్ వారం రోజులు తిండి లేకపోయినా నిశ్చింతగా ఉంటుంది. మూకుడు నిండా నీళ్లు, తేమ డబ్బాలో తడి, థర్మోస్టాట్ పనిచేస్తోందో లేదో ఒకసారి చూసి బయలుదేరండి. తొట్టిలో పురుగులు వదిలి వెళ్లవద్దు. ఆకలేసిన కీచురాళ్లు రాత్రిపూట బల్లినే కొరుకుతాయి. వేసవి సెలవుల్లో మాత్రం ఒక మనిషి లేకుండా వారం వదలలేం. మా కింది ఫ్లాటు కుర్రాడు సీసాలు మార్చడానికి పూటకోసారి వస్తాడు, తిరిగి వచ్చేటప్పుడు అతనికి పూతరేకులు తేవడం మా ఒప్పందం.

డాక్టరు దొరుకుతారా?

కుక్కలు, పిల్లులను చూసే డాక్టర్లలో చాలామంది బల్లిని చేత్తో పట్టుకోరు. కొనకముందే రెండు మూడు క్లినిక్కులకు ఫోను చేసి, సరీసృపాలను చూస్తారా అని అడిగి నంబరు రాసుకోండి. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది, అక్కడా అడగవచ్చు. తెచ్చిన మొదటి నెలలో పేడ పరీక్ష చేయించండి. వరుసగా రెండు వారాలు తినకుండా తోక సన్నబడుతుంటే ఆగవద్దు.

ఎన్నేళ్లు బతుకుతుంది? మధ్యలో పెంచలేకపోతే?

సరిగా చూసుకుంటే పదిహేనేళ్లు, అంతకు మించి కూడా. పెంచలేకపోతే తెలిసిన పెంపకందారుకు బిల్లుతో సహా అప్పగించండి. కేబీఆర్ పార్కులోనో, చెరువు గట్టునో వదిలేయవద్దు. ఒకవేళ అది బతికితే ఇక్కడి బల్లులకు కొత్త జబ్బులు అంటిస్తుంది, బతకకపోతే దాన్ని చంపినట్టే. మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు బొబ్బట్టు వచ్చింది, ఇప్పుడు ఎనిమిదో తరగతి. కాలేజీకి హాస్టలుకు వెళ్లేటప్పుడు తొట్టిని తనతో తీసుకెళతానంటోంది. నేను ఇప్పటికి ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.